ఐదు, ఐదు, ఐదు, ఐదు

దౌరే ముసలాయనకు తన బావ గురించి అన్నీ గుర్తున్నాయి. ఎడమ మడమ మీది పగులు గుర్తుంది. వక్క నమిలి ఉమ్మేటప్పుడు మెడ కుడివైపుకు వంచే తీరు గుర్తుంది. నవ్వు ఆపుకోలేక బుగ్గలు పూరించుకునే ముఖం గుర్తుంది. మైదానమంతా వాననీళ్లు నిలిచిన ఒక ఏడాది, ఇద్దరూ దోనె వేసుకుని కంగారూల వేటకు పోయి, కంగారూ దొరక్కపోగా దోనె కూడా పోగొట్టుకుని, మొలలోతు నీళ్లలో ఒకణ్ణొకడు తిట్టుకుంటూ ఇల్లు చేరిన రోజు గుర్తుంది. ఒక్క పేరే గుర్తుకు రావడం మానేసింది.

అది ఒక్కసారిగా పోలేదు. మొదట్లో తలుచుకున్న కాసేపటికి వచ్చేది. తర్వాత పొద్దున తలుచుకుంటే మధ్యాహ్నం ఏ కట్టెలు కొడుతుండగానో వచ్చేది. పొడిగాలులు మొదలైన దగ్గర్నుంచీ అసలు రావడమే లేదు. నాలుక చివర ఉన్నట్టే ఉంటుంది, నోరు తెరిస్తే ఏమీ ఉండదు.

పోనీ ఎవరినైనా అడుగుదామా అంటే వీల్లేదు. మా దగ్గర మనిషి పోతే అతని పేరు కూడా మూతపడుతుంది. అతని తోటలో పండిన పెండలం దుంపలు నిండు దామ్నోగా లెక్క తేలేదాకా ఆ పేరు ఎవరూ పలకరు. పెళ్లాం పలకదు, కొడుకు పలకడు, నోట్లో మాట నిలవని పిల్లలు కూడా దాని జోలికి పోరు. ఈ కథకూ అదే కట్టుబాటు. సమయం వచ్చేదాకా బావ అనే అనుకుందాం.

దామ్నో అంటే భయపడాల్సిన లెక్కేమీ కాదు. ఆరు దుంపలు ఒక ఎత్తు. ఆరు ఎత్తులు ఒక కుప్ప. ఆరు కుప్పలు ఒక వరస. ఆరు వరసలైతే దామ్నో. అంతే, మూడేళ్ల పిల్లకైనా వస్తుంది. చిక్కల్లా ఎక్కడంటే అది సరిగ్గా తేలాలి. ఒక్క దుంప తగ్గితే పేరు విడవదు. ఎక్కువైనా విడవదు, ఎందుకంటే పైన ఏదైనా మిగిలిందంటే పోయినవాడిది ఇంకా ఇక్కడ ఏదో మిగిలిపోయిందన్నమాట. ఒక్క దామ్నో ఉండాలి, దాని వెనక వరసల్లో ఏమీ, కుప్పల్లో ఏమీ, ఎత్తుల్లో ఏమీ, చేతుల్లో ఏమీ ఉండకూడదు. అప్పుడు లెక్క పెట్టిన పెద్దమనిషి "దామ్నో!" అని అరిచి, అదే ఊపిరితో ఆ పేరు పైకి పలకాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు.

లెక్క పెట్టే ఆ పెద్దమనిషి దౌరేనే. ఊళ్లో ఇంకెవరికీ ఆ పని అప్పజెప్పే మాటే లేదు. అతనూ బావా కలిసి లెక్క తేల్చని విందు ఈ నది ఒడ్డున లేదు. బావ చెల్లెల్ని ఇతను చేసుకున్నాడు, ఇతని చెల్లెలు మెరావను బావ చేసుకున్నాడు, ఒకే రోజు, ఒకే పందిరి కింద. ఆనాటి నుంచి ఇద్దరూ బావా అంటే బావా. పెళ్లితో కలిసిన చుట్టాన్ని పేరు పెట్టి పిలవడం మాలో మర్యాద కాదు. బహుశా అందుకే ఆ పేరు దౌరే నోట్లో అంత లోతుగా పాతుకోలేదేమో.

నిరుడు వరద తోటను సగం మింగింది. దామ్నో కనుచూపు మేరలో లేదు కాబట్టి ఎవరూ లెక్కకే పూనుకోలేదు. ఈ ఏడాది పంట బాగా వచ్చింది. దౌరే స్వయంగా దుంపలను పెండలాల ఇంట్లోకి లెక్కబెట్టి చేర్చాడు. సరిగ్గా సరిపోయింది, పైన ఉన్నవి విత్తనానికి తీసి పక్కన పెట్టించాడు. ఊరంతా సంబరపడింది. దౌరే కూడా పైకి సంబరపడి, ఇంటికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

లెక్క పెట్టే రోజు పొద్దున్నే మెరావ కాల్చిన సగ్గురొట్టె ఒకటి ఆకులో చుట్టుకుని వచ్చింది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ అతని తోట దుంప ముట్టలేదు, పేరు విడిచేదాకా ముట్టకూడదు. సగ్గు తిని తిని మనిషి చీపురుపుల్లలా తయారైంది, దగ్గు ఒకటి పట్టుకుంది. నోటి పదును మాత్రం ఏమీ తగ్గలేదు.

"ఇంకా లేవలేదా? పెళ్లికొడుకువా, అలంకరించుకోవాలా?"

"లేచే ఉన్నాను చెల్లీ. ఆలోచిస్తున్నాను."

"నువ్వా! చూసుకో, తలనొప్పి వస్తుంది."

దౌరే సగ్గు ముక్క విరిచి నమలకుండా చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. బయట తెల్లబెరడు చెట్ల మొదళ్ల మీద మంచు ఇంకా విడవలేదు. కాకటూ చిలుకలు గుంపుగా పోతూ అరుచుకుంటున్నాయి. రాత్రి కలలో బావ వచ్చాడు. లెక్క మైదానం మధ్యలో నిలబడి, వేలితో తన గుండె చూపించుకుంటూ "నేనెవర్రా?" అన్నాడు. "నువ్వే చెప్పు" అన్నాడు దౌరే. "నువ్వే చెప్పు" అన్నాడు బావ. బుగ్గలు పూరించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. ఎంతసేపు బతిమాలినా చెప్పలేదు, పైగా చేతిలో దుంప ఒకటి పైకెగరేసి పట్టుకుంటూ పొగమంచులోకి నడిచి వెళ్లిపోయాడు.

"చెల్లీ, ఒకమాట" అన్నాడు దౌరే, ఎటో చూస్తూ. "మన వైపు పేర్లు పిట్టలవి ఉంటాయి కదా, చేపలవి ఉంటాయి కదా. మీ అత్తగారి వైపువాళ్లు దేన్నిబట్టి పెట్టేవాళ్లు?"

మెరావ చేతిలో ఆకు మడత పెట్టడం ఆపింది. "ఎవరి పేరు?"

"ఎవరిదని కాదు. ఊరికే."

"ఊరికే ఎవరూ అడగరు ఈ రోజున." ఆవిడ అన్నయ్య ముఖంలోకి చూసింది. "ఇంకో ఏడాది సగ్గు తినే ఓపిక నాకు లేదన్నయ్యా. మనవడు పుట్టి ఎన్నాళ్లయింది? వాణ్ణి ఏయ్ అని పిలుస్తున్నాం. కుక్కకైనా పేరుంది మన ఇంట్లో. ఆ పేరు వాడి కోసమే ఉంచాం. నువ్వు మధ్యలో ఏ మాయదారి పనీ పెట్టకు."

"నేనేం చేస్తాను?"

"నువ్వేం చేయవు, అదే నా భయం. అడుగు తీసి అడుగేస్తూ ఎక్కడికో పోతుంటావు. మొన్న ఏటికి నీళ్లకని పోయి కట్టెలు తెచ్చావు."

నిజమే, తెచ్చాడు. దౌరే తన అల్లిక సంచి తీసి భుజానికి తగిలించుకున్నాడు. పేరు గుర్తుకు రావట్లేదని చెప్పేయాలని ఒక్క క్షణం గొంతుదాకా వచ్చింది. చెప్పినా ఆవిడ ఆ పేరు పలకకూడదు. తెలిసి ఏడవడం తప్ప ఆవిడకు మిగిలేదేమీ లేదు. అందుకని మింగేశాడు.

లెక్క మైదానం ఊరి వెనక, చీమల పుట్టలు మనిషెత్తు పెరిగిన చోటుకు ఇవతల. గడ్డి చెక్కి నేల ఊడ్చి ఉంచారు. మధ్యలో దుంపల రాశి. చుట్టూ మావాళ్లు ఒకవైపు, ఎగువ ఊరివాళ్లు ఒకవైపు కూర్చున్నారు. ఎగువ ఊరివాళ్లు లేకపోతే లెక్క చెల్లదు, మనకు పడనివాడు చూసి ఒప్పుకుంటేనే అది లెక్క. వాళ్లలో ముందు వరసలో బోవా ఉన్నాడు. ఇతనికి బావ మీద పాత కోపం. ఎప్పుడో ఒక విందులో ఆఖరి దుంప ఒకటి తగ్గి అందరూ వెతుకుతుంటే, అది బోవా సంచిలో దొరికింది. అందులో పెట్టింది బావే. అప్పటి నుంచి బోవా విందులకు సంచి లేకుండా వస్తాడు.

ఆ పని బావకు సరదా. ప్రతి విందులోనూ లెక్క మొదలుకాకముందే రాశిలోంచి ఒక దుంప దాచేసేవాడు. మొలతాడులోనో, పిల్లల ఒళ్లోనో, కుక్క పడుకున్న చోటో. లెక్క చివరికొచ్చేసరికి ఐదు వరసలు, ఐదు కుప్పలు, ఐదు ఎత్తులు, ఐదు దుంపలు తేలేవి. ఐదు, ఐదు, ఐదు, ఐదు. జనం నోళ్లు తెరిచేవాళ్లు. అప్పుడు దాచింది తీసి వేసేవాడు. ఐదు దుంపలు ఆరై ఒక ఎత్తవుతుంది, దాంతో ఎత్తులు ఆరై కుప్పవుతుంది, కుప్పలు ఆరై వరసవుతుంది, వరసలు ఆరై దామ్నో అవుతుంది. ఒక్క దుంప పడితే నాలుగు చోట్లా ఒకేసారి ఖాళీ.

"ఎందుకురా ఈ తలతిక్క పని?" అని దౌరే ఒకసారి కోప్పడితే బావ అన్నాడు. "నిండింది అని చెబితే వీళ్లు వంటల వైపు చూస్తారు. ఒక్కటి తగ్గిందని చెప్పు, ఊపిరి బిగబట్టి దాని కోసమే చూస్తారు. అన్ని ఇళ్లూ నిండా జనమే, ఒక్కడు ఇంటికి రాలేదు. అంతకంటే అందమైన లెక్క ఇంకోటి లేదు బావా."

ఇప్పుడు దౌరేకు జోడీగా నిలబడ్డవాడు ఇసాన్, బావ కొడుకు. దారు పట్నంలో చదువుకుని వచ్చాడు, మంచివాడు, కొంచెం కంగారు మనిషి. పేరులేని బిడ్డకు తండ్రి ఇతనే.

"మావయ్యా, మొదలెడదామా?"

"రాశి చుట్టూ తిరగాలి ముందు. నిమరాలి."

"ఇద్దరమా?"

"నువ్వు అటు నుంచి రా. నేను ఇటు."

లెక్కకు ముందు జోడీ ఇద్దరూ రాశిని చెరోవైపు నుంచి చుట్టి, దుంపలను నిమిరి, అటువైపు కలుసుకుంటారు. దౌరే ఎప్పుడూ ఎడమ నుంచి తిరిగేవాడు, బావ కుడి నుంచి. ఈ రోజు ఏం తోచిందో, దౌరే కుడి నుంచి బయల్దేరాడు. చేతి కింద దుంపల గరుకుతనం, వాటికి అంటుకున్న ఎర్రమట్టి, ఆ తోట వాసన. ఆ తోటలో తను కూడా ఎన్ని మడవలు తవ్వాడని. ఇక్కడ ఒకడు వంగి నవ్వేవాడు, ఇక్కడ ఆగి అటూ ఇటూ చూసేవాడు. దౌరే వంగాడు, ఆగాడు, అటూ ఇటూ చూశాడు. పక్కన ఇంకో మనిషి నడుస్తున్నట్టే ఉంది. ఆ పగిలిన మడమ నేల మీద ఆనిన చప్పుడు కూడా వినిపించింది. పేరు అడుగుదామని నోరు తెరిచేలోగా ఎదురుగా ఇసాన్ వచ్చేశాడు. దౌరేకు సంచి భుజం మీద కాస్త బరువనిపించింది. వయసు అనుకున్నాడు.

లెక్క మొదలైంది. చెరో మూడు దుంపలు, రెండు చేతులా గుండెకు హత్తుకుని, అడుగు కలిపి నడవడం. పన్నెండడుగుల అవతల ఒకేసారి దించడం. దౌరే సంఖ్య పాడతాడు, ఇసాన్ అందుకుంటాడు. ఆరు ఎత్తులైతే ఒక ఈనె నేలలో గుచ్చుతారు. లెక్క మైదానంలో చుట్టరికాలు పనిచేయవు. అక్కడ బావలూ లేరు, మావలూ లేరు. రెండు జతల చేతులు, రెండు పేర్లు, అంతే. అందుకే ఏ విందులోనైనా జోడీలు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకుంటూ అదిలించుకుంటారు. ఇసాన్‌కు మాత్రం మావయ్యను పేరుతో పిలవడానికి నోరు రాలేదు.

ఎండ ఎక్కింది. వరసలు లేచాయి. పాట సాగుతున్నకొద్దీ దౌరేకు కాళ్లు నేల మీద లేనట్టుంది. ఒక్కో ఎత్తు దించినప్పుడల్లా ఒక్కో ఏడాది దించినట్టు, కిందికి, వెనక్కి, ఆ దోనె పోగొట్టుకున్న నీళ్ల దాకా వెళ్తున్నాడు. ప్రతిచోటా బావ ఉన్నాడు. ప్రతిచోటా వెనుదిరిగి ఉన్నాడు. పిలిస్తే తిరుగుతాడు. ఏమని పిలవాలి?

"దౌరే పెద్దాయనా! నిద్రపోతూ నడుస్తున్నావా? మేం తిని ఇంటికి పోవాలి" అని అరిచాడు బోవా.

"నీ తిండి ఎక్కడికీ పోదులే" అంది మెరావ కూర్చున్నచోటి నుంచే. "నీ కడుపు మాత్రం నీకంటే ముందు ఇంటికి చేరుతుంది."

అందరూ నవ్వారు. దౌరే ఉలిక్కిపడి చేతుల్లోకి చూసుకున్నాడు. రాశి దాదాపు అయిపోయింది. ఇదే ఆఖరి ఎత్తు. తన చేతుల్లో మూడు దుంపలు. ఇసాన్ చేతుల్లో రెండు.

ఇసాన్ వంగి నేలంతా తడిమాడు. ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. "మావయ్యా" అన్నాడు గొణుగుతూ. "వెయ్యిన్నీ రెండువందల తొంభై ఐదు."

బడిలో నేర్చిన పదుల లెక్క అది. అలా చెబితే అదొక మామూలు సంఖ్య, ఎక్కడో దారిలో ఆగిపోయినట్టుంటుంది, దాన్ని చూసి ఎవరికీ గుండె ఆగదు. దౌరే మాత్రం వరసల వైపు చూశాడు, ఐదు. కుప్పలు, ఐదు. ఎత్తులు, ఐదు. చేతుల్లో దుంపలు, ఐదు.

జనానికి ఇంకా తెలియదు. వాళ్లు దూరంగా ఉన్నారు. దుంపలు ఒకేసారి దించితే అన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి, ఐదో ఆరో ఎవరు చూస్తారు? దామ్నో అని అరిస్తే మెరావ ఈ పూట తన మొగుడి తోట దుంప తింటుంది. బిడ్డకు పేరొస్తుంది. కాని అరిచిన ఊపిరితోనే పేరు పలకాలి, ఆ పేరు తన దగ్గర లేదు. ఐదు అని నిజం చెబితే ఇంకో ఏడాది గడువు. ఆలోగా గుర్తుకు రావచ్చు. రాకపోతే తనే పోవచ్చు, ఎవరికీ తెలియకుండా గట్టెక్కొచ్చు. ఆ మాట తట్టగానే లోపల ఎక్కడో చల్లగా, హాయిగా అనిపించింది దౌరేకు. దానికి అతను సిగ్గుపడ్డాడు. బతుకులో ఇంతగా ఎప్పుడూ సిగ్గుపడలేదు.

"దించు" అన్నాడు ఇసాన్‌తో.

దించారు. దౌరే నిలబడి, పాట ఆపి, మామూలు గొంతుతో చెప్పాడు. "ఐదు. ఐదు. ఐదు. ఐదు."

తర్వాత జరిగింది ఎవరూ అనుకుని చేసింది కాదు. మావాళ్లూ ఎగువవాళ్లూ, ముసలీ ముతకా, ఒకేసారి తలలు తిప్పి ఒకే చోటికి చూశారు. రాశికి కుడివైపు, బావ ఎప్పుడూ నిలబడే చోటికి. ఆ లెక్క వినగానే అటు చూడడం అందరికీ అలవాటైపోయింది. అక్కడ ఊడ్చిన నేల తప్ప ఏమీ లేదు. ఒక ఆడమనిషి వెక్కి ఏడ్చింది.

బోవా లేచాడు. అతనికి ఏడుపు వచ్చిందో కోపం వచ్చిందో తెలియదు, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "ఈసారి నా దగ్గర సంచి కూడా లేదు, చూసుకోండి! ఎలుకలు కొట్టేసుంటాయి. లెక్క తగ్గింది. పదండి ఇక."

"లోపల పెట్టినప్పుడు సరిపోయింది" అన్నాడు ఇసాన్. "మావయ్య లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

"మావయ్యకు ఏటికీ అడవికీ తేడా తెలియట్లేదని విన్నాం."

"ఇంటి నుంచి ఒకటి తెచ్చి వేస్తే?" అని వెనక నుంచి ఎవరో.

"మొదలెట్టాక బయటి దుంప చెల్లదు. నీకు ఆ మాత్రం తెలియదా?" అని ఇంకెవరో కసిరారు.

దౌరే తల వంచుకుని నిలబడ్డాడు. మెరావ లేచింది. దగ్గుతూ, కర్ర ఊనుకుంటూ మైదానం మధ్యకు వచ్చింది. ఏడుస్తుందేమోనని కొందరు ముఖం తిప్పుకున్నారు. ఆవిడ ఏడవలేదు. అన్న ముందు నిలబడి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"రాశి ఎటు నుంచి తిరిగావు?"

"ఏమో."

"నేను చూశాను. కుడి నుంచి తిరిగావు. అది నీ వైపు కాదు."

"ఏదో పరాకుగా..."

"పరాకే. పొద్దున సంచి నా ముందే భుజానికి వేసుకున్నావు. అందులో ఏమీ లేదు. ఇప్పుడెందుకు వేలాడుతోంది అలా?"

దౌరే సంచిలోకి చెయ్యి పెట్టాడు. వేళ్లకు మట్టి తగిలింది. గరుకుగా, చల్లగా, సరిగ్గా చేతికి ఇమిడే దుంప. దాన్ని ఎప్పుడు తీశాడో, ఎప్పుడు వేశాడో అతనికి ఏమాత్రం తెలియదు. జోడీలో సగం పోయినా, ఆ సగం చేసే పని ఆగిపోకూడదని ఈ చెయ్యి దానంతట అదే చేసింది.

చేసింది ఇదే చెయ్యి కాబోలు, కాని ఆ దుంపను చూడగానే దౌరేకు తన చెయ్యి గుర్తుకు రాలేదు. పొడుచుకొచ్చింది కోపం. యాభై విందుల కోపం, ప్రతిసారీ జనం ముందు గుండె ఆగిపోయేలా చేసి నవ్వే ఆ బుగ్గల మీది కోపం. దుంప పైకెత్తి, ఆ ఊడ్చిన నేలవైపు తిరిగి, మైదానం దద్దరిల్లేలా ఎప్పుడూ తిట్టే తిట్టే తిట్టాడు.

"ఒరేయ్ సౌగరీ! దొంగ వెధవా! మళ్లీ నువ్వేనా!"

దుంప ఇంకా చేతిలోనే ఉంది. దామ్నో ఇంకా నిండలేదు. పేరు బయటికి వచ్చేసింది.

తప్పు జరిగిపోయిందని దౌరేకు తెలుసు. కాని నోట్లో ఆ పేరు ఉంది, బెల్లం ముక్కలా ఉంది, సౌగరి, సౌగరి, ఎంత మామూలు పేరు, ఇన్నాళ్లూ ఇక్కడే ఈ తిట్టు కిందే పడుకుని ఉంది. అతని కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

మొదట నవ్వింది మెరావ. దగ్గు, నవ్వు కలిసిపోయి ఒంగిపోయింది. "పిలవకముందే వచ్చేశాడు" అంది. "ఎప్పుడూ అంతే. వంట కాకముందే వచ్చి కూర్చుంటాడు. వేయన్నయ్యా, వేసెయ్, ఆకలేస్తోంది."

బోవా వైపు చూశారు అందరూ. చెల్లదు అని అతనొక్కడు అంటే చాలు. బోవా ముక్కు ఎగబీల్చి, ఆకాశంలోకి చూసి, "నేను దుంప వైపు చూస్తున్నాను. అరుపేదీ వినలేదు. చెవుల్లో గులిమి" అన్నాడు.

దౌరే దుంపను వదిలాడు. మిగతా ఐదింటి పక్కన పడి, ఒక పక్కకు దొర్లి ఆగింది. ఐదు ఆరైంది. ఎత్తులు నిండాయి, కుప్పలు నిండాయి, వరసలు నిండాయి. చేతుల్లో ఏమీ మిగల్లేదు.

"దామ్నో!" అన్నాడు దౌరే. "సౌగరి!"

"సౌగరి" అన్నాడు ఇసాన్, తండ్రి పేరు. తర్వాత అందరూ అన్నారు. ఎగువ ఊరివాళ్లు కూడా అన్నారు. మెరావ మనవణ్ణి తల్లి చేతుల్లోంచి తీసుకుని, దుంపల మధ్య కూర్చోబెట్టి, చెవిలో మూడుసార్లు చెప్పింది. వాడు దుంప మీద మట్టి తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఆ పూట నిప్పుల మీద కాల్చిన మొదటి దుంప మెరావకిచ్చారు. ఆవిడ ఊది ఊది, కళ్లు మూసుకుని, పొట్టుతో సహా తింది.

ఆ తర్వాత దౌరేకు పేరు గుర్తుందా అంటే, లేదు. వారం తిరక్కుండానే మళ్లీ జారిపోయింది. ఇప్పుడు అతనికి దాని గురించి దిగులేమీ లేదు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుంటాడు, దారినపోయే ఎవరినైనా ఆపుతాడు. "ఏమే పిల్లా, మా బావ పేరేంటి?" నీళ్లకు పోయే పిల్ల నవ్వి చెబుతుంది. కట్టెలు మోసుకొచ్చేవాడు ఆగి చెబుతాడు. చేపలు ఇచ్చిపోవడానికి వచ్చిన బోవాను కూడా అడిగాడు. బోవా విసుక్కుంటూనే గట్టిగా, చెవిటివాడికి చెప్పినట్టు చెప్పాడు. దౌరే ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు తల ఊపి, "ఆ, వాడే" అంటాడు.